చిన్న చక్రాల ట్రయల్స్ సైకిలు: 387 ఎందుకు, 406 ఎప్పుడు

ట్రయల్స్ సైకిలును మొదటిసారి చూసినవారు ముందుగా అడిగేది సీటు ఏదని. కాలు నేలకు ఆనించకుండా బండరాళ్ల మీదికి, గోడల మీదికి, దుంగల మీదికి ఎగురుకుంటూ పోయే ఈ ఆటలో కూర్చునే అవసరమే రాదు కాబట్టి సీటు తీసేశారు. ఆ వింతలో పడి చాలామంది గమనించనిది చక్రాల సంగతి. 20 అంగుళాల ట్రయల్స్ బండి అని అమ్మే సైకిలులో ముందు రిమ్ము కొలత 406 మి.మీ., వెనక రిమ్ము కొలత 387 మి.మీ. అంటే వెనకది నిజానికి 19 అంగుళాల రకం. బండి పేరు చూసి 20 అంగుళాల టైరు తెప్పించుకుని, వెనక రిమ్ముకు ఎక్కించబోతే అది వదులుగా జారిపోతుంది. డబ్బు దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే.

టైరు పక్కగోడ మీద 20x2.0 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ దగ్గర్లోనే 50-406 అని చిన్నగా మరో అంకె ఉంటుంది. నమ్మాల్సింది ఈ రెండోదాన్ని. 50 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 406 అంటే టైరు అంచులోని తీగ రిమ్ములో కూర్చునే చోట రిమ్ము వ్యాసం. అంగుళాల లెక్క గాలి నిండిన టైరు బయటి కొలతకు ఉజ్జాయింపుగా పెట్టిన పేరే తప్ప, ఏ టైరు ఏ రిమ్ముకు పడుతుందో చెప్పదు. 20x1⅜ టైరు కూడా ఇరవై అంగుళాలదే, కానీ దాని రిమ్ము 451. అందుకని నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా షాపులో ఇరవై సైజు టైరు ఇమ్మని అడిగితే పని జరగదు. పిల్లల సైకిళ్లకు, బీఎంఎక్స్ బండ్లకు వచ్చే 20x1.95, 20x2.125, 20x2.40 వంటి దశాంశాల సైజులన్నీ 406 రిమ్మువే. 387 మాత్రం మన రోడ్ల మీద తిరిగే మామూలు సైకిళ్లలో దేనికీ వాడే కొలత కాదు.

ఇంత తిరకాసు ఎందుకు పెట్టారో తెలియాలంటే చిన్న కూడిక చాలు. ముందు టైరు 2.0 అంగుళాలు, అంటే దాదాపు 51 మి.మీ. ఎత్తు. 406కు పైనా కిందా 51 చొప్పున కలిపితే చక్రం బయటి వ్యాసం 508 మి.మీ. వెనక టైరు 2.5 అంగుళాలు, దాదాపు 64 మి.మీ. దాన్ని 387కు రెండువైపులా కలిపితే 515. తేడా ఏడు మిల్లీమీటర్లు మాత్రమే. బయటి నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే ఎత్తు. వెనకదానిలో మాత్రం లోహం తగ్గి, ఆ చోటును గాలి నింపింది. బండి ఎత్తు పెరగకుండా, గేరు లెక్క మారకుండా, వెనక చక్రానికి లావు టైరు దక్కించుకునే ఉపాయం ఇది.

ఈ ఆలోచన మోటారు బండ్ల నుంచి వచ్చింది. ట్రయల్స్ మోటారు సైకిళ్లకు ముందు 21 అంగుళాల సన్నటి చక్రం, వెనక 18 అంగుళాల లావు చక్రం ఉంటాయి. సైకిలు ట్రయల్స్ కూడా స్పెయిన్‌లోని కాటలోనియాలో, మోంటెసా మోటారు సైకిళ్లతో అనుబంధం ఉన్న పెరె పి తన కొడుకు ఓట్ పి కోసం చిన్న సైకిలు తయారు చేయడంతో ఊపందుకుంది. మోంటీ అన్న ట్రయల్స్ సైకిళ్ల కంపెనీ పేరు అలా వచ్చిందే. ఓట్ పి తరవాత ప్రపంచ విజేత అయ్యాడు.

వెనక టైరే లావుగా ఎందుకుండాలి? ట్రయల్స్ నడిపేవారు సగం సేపు వెనక చక్రం మీదే నిలబడి ఉంటారు. ముందు చక్రం గాల్లో ఉంటుంది, బ్రేకులు పట్టి ఉంటాయి, మనిషి బరువు, బండి బరువు మొత్తం ఒక్క టైరు మీద పడుతుంది. 70 కిలోల మనిషి, 9 లేదా 10 కిలోల బండి కలిపి 80 కిలోలనుకుందాం. పంక్చరు షాపుల్లో పాయింట్లుగా లెక్కపెట్టే పి.ఎస్.ఐ.లోనే చెప్పుకుంటే, 20 పాయింట్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోల ఒత్తిడి. టైరు గోడల బిగువును పక్కన పెడితే, 80 కిలోలను మోయడానికి 57 చదరపు సెంటీమీటర్ల రబ్బరు రాతిని తాకాలి. అదే టైరులో 40 పాయింట్లు కొడితే ఆ వైశాల్యం సగమవుతుంది. ఘర్షణకు, తాకే వైశాల్యానికి సంబంధం లేదని బడిలో చదువుకున్నాం కానీ, రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగే పదార్థం కాదు. అది రాతి గరుకులోకి కుంగి, ఎగుడుదిగుళ్లను చుట్టుకుని పట్టుకుంటుంది. తాకే చోటు ఎంత ఎక్కువైతే, పట్టుకోవడానికి అన్ని గరుకులు దొరుకుతాయి. అందుకే వెనక టైరులో 15 నుంచి 25 పాయింట్ల మధ్య గాలి పెట్టుకోవడం ఈ ఆటలో మామూలు. రోడ్డు మీద ఆ గాలితో నడిపితే బండి ఎద్దుబండి కంటే భారంగా కదులుతుంది.

గాలి తగ్గించడానికి ఒక హద్దు ఉంది. మీటరు ఎత్తు నుంచి వెనక చక్రం మీదికి దిగుతున్నప్పుడు మోకాళ్లు, మోచేతులు వంగి ఆ దెబ్బను 30 సెంటీమీటర్ల మేర తీసుకుంటాయనుకుంటే, సగటున టైరు మీద పడే భారం దాదాపు 350 కిలోలు. 20 పాయింట్ల గాలితో దాన్ని మోయాలంటే 250 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలకు అంటాలి. 6 సెంటీమీటర్ల వెడల్పున్న టైరుకు అది 40 సెంటీమీటర్ల పొడవు. చక్రం వ్యాసమే 51 సెంటీమీటర్లు. కుదరని పని. టైరు పూర్తిగా అణగి, రిమ్ము వెళ్లి రాతికి తగులుతుంది. కాళ్లు రెట్టింపు దూరం వంగితే భారం 210 కిలోలకు దిగుతుంది, అప్పుడు టైరు ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఇది చదునైన నేల మీది లెక్క. రాతి అంచు మీద దిగితే తాకే చోటు చాలా చిన్నది కాబట్టి పరిస్థితి ఇంకా కష్టం. దీన్ని బట్టి తేలేది ఒకటే: నేర్చుకునే కాలంలో రిమ్ముకు దెబ్బ తగలడం ఖాయం. తగలని రిమ్ము కోసం వెతకడం కన్నా, తగిలాక బతికే రిమ్ము కోసం వెతకాలి. తేలికైన రిమ్ముల ప్రకటనలు చూసి మురిసిపోయేవారు మరిచిపోయే విషయం ఇదే.

ఇక రిమ్ము వెడల్పు. సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే చుట్టకుదురు మరీ చిన్నదై పెద్ద కడవ దాని మీద ఊగినట్టు ఉంటుంది. నేరుగా వెళ్లినంత సేపూ తేడా తెలియదు. పక్కకు ఎగిరి, ఏటవాలు రాతి మీద వాలినప్పుడు టైరు గోడ ఒక పక్కకు మడత పడుతుంది. గాలి తక్కువైతే మరీను. అప్పుడు బండి ఒక అరక్షణం ఆలస్యంగా కుదురుకుంటుంది, ఆ అరక్షణంలో కాలు నేల మీద పడుతుంది. మామూలు పిల్లల సైకిలు రిమ్ము లోపలి వెడల్పు 20 నుంచి 25 మి.మీ. ఉంటే, ట్రయల్స్ బండి వెనక రిమ్ము బయటి వెడల్పు 45 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది; ముందుది అంతకంటే ఓ పది మిల్లీమీటర్లు తక్కువ. రిమ్ము వెడల్పయితే టైరు గోడలు నిటారుగా లేస్తాయి. అదే టైరులో పట్టే గాలి పరిమాణమూ పెరుగుతుంది. కాబట్టి సన్నటి రిమ్ము మీద 28 పాయింట్లు పెట్టాల్సిన టైరుకు వెడల్పు రిమ్ము మీద ఇంకా తక్కువ సరిపోతుంది. టైరును, రిమ్మును విడివిడిగా ఎంచుకోవడం వల్ల వచ్చే నష్టం ఇక్కడ కనిపిస్తుంది. ఖరీదైన టైరు కొని సన్నటి రిమ్ముకు ఎక్కిస్తే, ఆ డబ్బులో సగం గోడల మడతల్లోనే పోతుంది.

అంత వెడల్పు రిమ్ము బరువు కదా అనే సందేహానికి తయారీదారుల జవాబు రంధ్రాలు. స్పోకుకూ స్పోకుకూ మధ్య రిమ్ము అడుగును గుండ్రంగానో కోలగానో కత్తిరించేస్తారు. ఆ కిటికీల్లోంచి రంగురంగుల రిమ్ము టేపు కనిపించడమే ట్రయల్స్ చక్రానికి గుర్తు. దీనికీ ఒక షరతుంది. ఆ టేపు గట్టి గుడ్డతో చేసినదై ఉండాలి. పలచటి రబ్బరు టేపు వేస్తే ట్యూబు కిటికీలోంచి బుడగలా బయటికి పొంగుతుంది. 20 పాయింట్ల దగ్గర పొంగని టేపు కూడా 60 దగ్గర పొంగవచ్చు. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన లారీ టైర్లకు గాలి పట్టే దుకాణాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి కంప్రెసరు గొట్టం 20 అంగుళాల ట్యూబుకు తగిలిస్తే చూస్తుండగానే గాలి హద్దు దాటుతుంది. ఇంట్లో చేతిపంపు ఒకటి ఉంచుకోవడం మేలు.

రిమ్ము ఒంటి గోడదా, జంట గోడదా అన్నది మరో ప్రశ్న. పెట్టెలా రెండు పొరలున్న జంట గోడ రిమ్ము బిగువైనది, అంత సులభంగా వంగదు. కానీ ఒకసారి అంచు సొట్టపడితే లోపలి పొర కూడా నలుగుతుంది, సరిచేయడం కష్టం. ఒంటి గోడ రిమ్ము త్వరగా సొట్టపడుతుంది, చెక్కసుత్తితో నెమ్మదిగా కొడితే చాలావరకు మళ్లీ దారికి వస్తుంది. 20 అంగుళాల చక్రానికి స్పోకులు పొట్టివి, కాబట్టి చక్రం మొత్తం మీద బిగువు ఎలాగూ ఎక్కువే. పెద్ద చక్రానికి జంట గోడ ఇచ్చే లాభం ఇక్కడ అంతగా అక్కరలేదు. విడిభాగాలు పార్శిల్లో రావడానికి వారాలు పట్టే ఊళ్లలో ఉండేవారు, సుత్తితో బాగుపడే రిమ్మునే ఎంచుకోవడం తెలివైన పని. సొట్ట తీశాక ఆ చోట సన్నటి పగులు ఉందేమో గోరుతో తడిమి చూడాలి. పగులుంటే మాత్రం రిమ్ము పని అయిపోయినట్టే.

ఎక్కడ నడుపుతారన్నదాన్ని బట్టి టైరు రబ్బరు మారాలి. రాళ్ల విషయంలో నెల్లూరు, ప్రకాశం ప్రాంతానికి కొదవ లేదు. చీమకుర్తి దగ్గర దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు నల్లటి రాయి, అందులో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైటు ఖనిజం వల్లే దానికి ప్రపంచమంతటా గిరాకీ. పగులో మచ్చో ఉండి పక్కన పడేసిన దిమ్మెలు ట్రయల్స్ సాధనకు చేసిపెట్టినట్టే ఉంటాయి. పని జరిగే క్వారీల్లోకి వెళ్లడం మాత్రం ప్రాణాంతకం, చట్టవిరుద్ధం కూడా. బయట పడి ఉన్న దిమ్మెల దగ్గరికైనా స్థలం యజమాని అనుమతితోనే వెళ్లాలి. అలాంటి ఒక్క దిమ్మెను దగ్గరగా చూస్తే నాలుగు రకాల ఉపరితలాలు కనిపిస్తాయి. డ్రిల్లు వేసి చీల్చిన పక్క నిలువునా సగానికి చీల్చిన గొట్టాల్లాంటి గాళ్లుంటాయి. టైరు మీద పొడుచుకొచ్చిన చిన్న రబ్బరు గడులు వాటి గట్లకు తగులుకుని ఆగుతాయి. సహజంగా విరిగిన పక్క గరుకుగా ఉంటుంది, అక్కడ ఏ టైరైనా పట్టుకుంటుంది. వజ్రాల తీగతో కోసిన పక్క చదునుగా, సన్నటి చారలతో ఉంటుంది. ఇక్కడే మెత్తటి రబ్బరుకు, గట్టి రబ్బరుకు తేడా బయటపడుతుంది. నాలుగోది పాలిష్ పట్టిన ముఖం. అది తడిస్తే ఏ రబ్బరూ ఏమీ చేయలేదు.

రబ్బరు మెత్తదనాన్ని షోర్ ఎ కొలతలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ మెత్తన. మాక్సిస్ కంపెనీ తన అతి మెత్తటి రబ్బరును 42ఎ అని చెబుతుంది. మామూలు సైకిలు టైర్లు 60 దగ్గరో ఆపైనో ఉంటాయి. ట్రయల్స్ కోసమే చేసే టైర్లలో అదే కంపెనీ క్రీపీ క్రాలర్ పేరున్నది. ముందుకు 20x2.0, వెనకకు 20x2.5. పక్కగోడ మీద ఇరవై అని ఉన్నా వెనకది 387 రిమ్ముకే పడుతుంది. పొట్టి గడులు దగ్గర దగ్గరగా ఉండటం వీటి తీరు. పొలాల బురద కోసం చేసిన టైర్ల ఎత్తయిన గడులు రాతి అంచు మీద వంగిపోతాయి, వంగిన గడి జారుతుంది. మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుందన్నది దాని వెల. నెల్లూరు, ప్రకాశం వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండకు రాయి పెనంలా కాలుతుంది, అప్పుడు 60 రకం రబ్బరు కూడా చలి దేశంలో కన్నా మెత్తగానే ప్రవర్తిస్తుంది. ఐరోపా శీతాకాలపు తడి రాళ్ల మీద ఆడేవారు అతి మెత్తటి రబ్బరు కావాలంటున్నారని ఇక్కడివారు అదే ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. మధ్యరకం చాలు. ఎంత మంచి రబ్బరైనా రాతిపొడి అంటితే జారుతుంది. క్వారీల చుట్టుపక్కల ఆ పొడికి కరవు లేదు. ఎగిరే ముందు టైరును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం, కొత్త టైరు కొనడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

మార్కాపురం వైపు పలకరాయి కథ వేరు. బడిపిల్లల పలకలకు పేరున్న ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది, చీలిన అంచు కత్తిలా ఉంటుంది. పట్టు సమస్య కాదక్కడ. టైరు పక్కగోడ కోసుకుపోవడమే సమస్య. ట్రయల్స్ ముందు టైర్ల గోడలు బరువు తగ్గించడానికి పలచగా చేస్తారు. అలాంటి నేల మీద తిరిగేవారు పలచటి గోడల టైరు మానుకోవాలి, వెనకకు రెండు పొరల గోడ ఉన్నదే తీసుకోవాలి. మైపాడు, కొత్తపట్నం ఇసుక సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ ఇసుకలో ట్రయల్స్ టైరు దిగబడుతుంది, అంతే.

ముళ్ల సంగతి మాత్రం చాలా ఉంది. ఈ రెండు జిల్లాల్లో చెరువు కట్టల మీద, పోరంబోకుల్లో, రోడ్ల పక్కన సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. వేసవిలో నేల మీద పల్లేరు కాయలు. రాతి దగ్గరికి చేరేలోపే పంక్చరవుతుంది. ట్యూబు విప్పినప్పుడు చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం తెలిసిపోతుంది. ట్యూబు బయటి వైపు, నేలకు తగిలే పక్క, ఒకే సన్నటి చిల్లు ఉంటే ముల్లు. పక్కపక్కనే రెండు చీలికలుంటే రాతికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని, అంటే గాలి తక్కువైందని. లోపలి వైపు, స్పోకుల పక్క చిల్లు పడితే తప్పు రిమ్ము టేపుది. ఈ మూడింటికీ మూడు వేరువేరు మందులు. ప్రతి పంక్చరుకూ గాలి పెంచుకుంటూ పోయేవారు ముల్లు చేసిన పాపానికి తమ పట్టు పోగొట్టుకుంటున్నారు.

ముల్లుకు విరుగుడు ట్యూబులో పోసే పంక్చరు ద్రవం. దాని బరువు చక్రం అంచులో చేరుతుంది. చక్రం అంచున పెరిగే ప్రతి వంద గ్రాములు వేగం అందుకునేటప్పుడు రెండు వందలంత భారమవుతాయి, ఎందుకంటే ఆ బరువును ముందుకు నెట్టడమే కాకుండా గుండ్రంగా తిప్పాలి కూడా. పోటీల్లో ఆడేవారికి ఆ లెక్క ముఖ్యం. సర్కారు తుమ్మ మధ్య సాధన చేసేవారికి పంక్చరు పడకపోవడమే ముఖ్యం. దళసరి ట్యూబు, ద్రవం రెండూ వాడటంలో చిన్నతనమేమీ లేదు. రిమ్ముకు కిటికీలుండటం వల్ల ట్యూబు లేకుండా నడిపే పద్ధతి ఈ చక్రాలకు అచ్చిరాదు. మరో ఊరట: 387 రిమ్ముకు ప్రత్యేకం ట్యూబు వెతకక్కరలేదు, 20x2.125 రకం మామూలు ట్యూబు సర్దుకుంటుంది.

ఎండకు గాలి ఎంత పెరుగుతుందన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఉదయం 25 డిగ్రీల దగ్గర 20 పాయింట్లు పెట్టి బయలుదేరి, బండిని కాలిన రాతి మీద ఎండలో నిలిపితే టైరు 60 డిగ్రీలకు చేరవచ్చు. వాయు సూత్రం ప్రకారం అప్పుడు గాలి దాదాపు 24 పాయింట్లవుతుంది. కారు టైరుకు నాలుగు పాయింట్లు అంత పెద్ద తేడా కాదు. ఇక్కడ అవి ఐదో వంతు. ఉదయం కుదిరిన ఎగురుడు మధ్యాహ్నం కుదరకపోతే తప్పు కాళ్లదే కానక్కరలేదు. గాలిని ఇంటి దగ్గర కాకుండా ఆడే చోట కొలవాలి. అందుకు కొలిచే వీలున్న వాల్వు కావాలి. మన పాత సైకిళ్లకు వచ్చే రబ్బరు గొట్టం వాల్వు మీద మామూలు గేజి పనిచేయదు. కారు, మోటారు సైకిలు రకం వాల్వున్న ట్యూబు తీసుకుంటే పని తేలిక. రిమ్ములో వాల్వు రంధ్రం సన్నదైతే ఈ లావు వాల్వు దూరదు, కొనేముందే అది చూసుకోవాలి.

బ్రేకు రిమ్మును శాసిస్తుంది. ట్రయల్స్‌లో చాలాకాలం రాజ్యమేలింది మాగురా హెచ్ఎస్33 లాంటి ఆయిలు బ్రేకు, అది రిమ్ము అంచును రెండు పక్కలా నొక్కుతుంది. చక్రం ఒక్క మిల్లీమీటరు కూడా తిరగకుండా బిగుసుకోవాలి కాబట్టి, రిమ్ము పక్కలను గ్రైండరుతో అడ్డగీతలు పడేలా గరుకు చేస్తారు. అల్యూమినియం రిమ్ముకే ఈ పని చేయాలి. క్రోమియం పూత పూసిన ఇనుప రిమ్ము మీద గ్రైండరు పెడితే పూత లేచిపోయి, సముద్రపు గాలికి వారంలో తుప్పు పడుతుంది. గరుకు చేసిన రిమ్ముకు ఇక్కడ అసలు శత్రువు రాతిపొడే. అది బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య చేరి ఆ గీతలను నున్నగా అరగదీస్తుంది. మళ్లీ గ్రైండరు పట్టాలి, ప్రతిసారీ గోడ పలచబడుతుంది. పలచబడిన గోడ ఒకరోజు చీలుతుంది. చిన్న చక్రానికి డిస్కు బ్రేకు బాగా పనిచేయడానికి కారణం కూడా లెక్కలోనే ఉంది: 160 మి.మీ. డిస్కు 515 మి.మీ. చక్రం వ్యాసంలో 31 శాతం. 26 అంగుళాల చక్రానికి అదే డిస్కు 24 శాతం మాత్రమే. రిమ్ము కాస్త వంకర పోయినా డిస్కుకు పట్టదు. సొట్టలు, దుమ్ము రెండూ ఉన్న చోట నేర్చుకునేవారికి డిస్కే సరి.

చిన్న చక్రమే ఎందుకు, 26 అంగుళాలది తీసుకుంటే పోదా అనేవారికి ఒక మాట. పది సెంటీమీటర్ల మెట్టును దొర్లించి ఎక్కించాలంటే 26 అంగుళాల చక్రానికి దాని మీదున్న బరువుకు దాదాపు సమానమైన తోపు చాలు. 20 అంగుళాల చక్రానికి బరువుకు దాదాపు 1.3 రెట్ల తోపు కావాలి. దొర్లే పనిలో చిన్న చక్రం ఎప్పుడూ వెనకే. కానీ ట్రయల్స్‌లో మెట్టును దొర్లించరు, ఎగిరి ఎక్కుతారు. అప్పుడు తేలిక, పొట్టి బండి, గట్టి చక్రం అక్కరకొస్తాయి. ఉదయగిరి కొండల వంటి చోట రాతి నుంచి రాతికి పోవాలనుకునేవారికి, మధ్యలో కాలిబాట తొక్కాల్సివస్తుంది కాబట్టి 24 అంగుళాలది మధ్యేమార్గం. దాని రిమ్ము 507. 2009 తరవాత స్కాట్లాండుకు చెందిన ట్రయల్స్ రైడరు డానీ మెకాస్కిల్ వల్ల లోకానికి బాగా పరిచయమైన కొలత. 24x2.125 వంటి టైర్లు మన షాపుల్లోనూ దొరుకుతాయి.

ఇక అసలు ఎంపిక. బండి మొదలే 387 వెనక చక్రంతో వస్తే దాన్ని అలాగే ఉంచాలి, టైరు మాత్రం బండితోపాటే మరొకటి అదనంగా తెప్పించుకోవాలి. వెనక టైరు ముందుదాని కంటే చాలా త్వరగా అరుగుతుంది, అరిగిన రోజున ఊళ్లో దొరకదు. విడిభాగాలతో బండి కట్టుకునేవారికి, బీఎంఎక్స్ ఫ్రేమును మార్చుకునేవారికి మాత్రం మొదటి ఏడాది రెండు చక్రాలూ 406 ఉండటమే మంచిది. వెనక 20x2.4 టైరు వేస్తే వ్యాసం 528 వస్తుంది, అంటే 387 బండి కంటే 13 మి.మీ. ఎక్కువ. బండి వెనక భాగం ఆరేడు మిల్లీమీటర్లు లేస్తుంది, గేరు రెండున్నర శాతం బరువెక్కుతుంది. ముందు 18 పళ్లు, వెనక 12 పళ్లున్న గేరుతో తొక్కేవారికి ఆ తేడా మొదట్లో తెలియను కూడా తెలియదు. లాభం మాత్రం రోజూ తెలుస్తుంది. సగం అరిగిన వెనక టైరును ముందుకు మార్చి వాడుకోవచ్చు. 387 బండిలో ఆ వీలు లేదు. కొత్త టైరు ఏ ఊరి షాపులోనైనా దొరుకుతుంది. పోగొట్టుకునేది కొంత గాలి పరిమాణం, రాతి అంచు మీద కొంత మెత్తదనం. పోటీలకు సిద్ధమయ్యేవారికి అది చిన్న నష్టం కాదు, వారు 387కే పోవాలి. మిగతావారు వెడల్పయిన 406 రిమ్ము మీద డబ్బు పెట్టి, టైరును అరిగినప్పుడల్లా మార్చుకోవడం నయం.

స్పోకులు స్టెయిన్‌లెస్, వాటిని రిమ్ముకు బిగించే నిప్పల్స్ ఇత్తడివి కావాలి. తీరప్రాంతపు ఉప్పుగాలికి అల్యూమినియం నిప్పల్స్ స్పోకుకు అతుక్కుపోయి, తిప్పబోతే విరుగుతాయి.

406కు మార్చేముందు ఫ్రేములో చోటు కొలుచుకోవాలి. లావు టైరుకు గాలి పట్టి, చక్రం బిగించి, వెనక గొట్టాల మధ్య రెండు పక్కలా కనీసం 5 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడాలి; బ్రేకు పట్టి, పక్కకు ఎగిరినప్పుడు చక్రం ఆ మేరకు వంగుతుంది. గొట్టానికి టైరు రాసుకున్న నల్ల గుర్తు కనిపిస్తే 2.4 వదిలేసి 2.125కు దిగాలి.